తూటా ఎవరి చేతిది? రామతీర్థం పరిసర సీమలో మందుగుండు చరిత్ర – పోటీ షూటింగు

వ్యాససంగ్రహం

తుపాకి చరిత్రను సాధారణంగా తుపాకి చరిత్రగానే చదువుతారు. దానిలో నింపే మందు, గుండు, తూటా అనుబంధ విషయాలుగా మిగిలిపోతాయి. రామతీర్థం చుట్టూ విస్తరించిన పూర్వపు విశాఖపట్నం జిల్లా చరిత్రను మందుగుండు వైపు నుంచి చదివితే మరొక క్రమం కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో తుపాకి నింపే పని దానిని పట్టుకున్నవాడి చేతిలో ఉండేది. 19వ శతాబ్దపు సాంకేతిక మార్పులు, 1878 నాటి ఆయుధ చట్టం ఆ పనిని కర్మాగారానికీ లైసెన్సుకూ అప్పగించాయి. పద్మనాభ యుద్ధం (1794), గూడెం–రంప తిరుగుబాటు (1922–24), నేటి పిస్టల్ పోటీలు అనే మూడు సందర్భాల ఆధారంగా ఈ మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రామతీర్థం, పూసపాటి సంస్థానం, మందుగుండు, 1878 ఆయుధ చట్టం, గూడెం–రంప తిరుగుబాటు, పోటీ షూటింగు.

1. ఉపోద్ఘాతం

విజయనగరానికి సమీపంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం రామాలయానికీ, బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండల మీది బౌద్ధ, జైన అవశేషాలకూ ప్రసిద్ధం. ఈ క్షేత్రం ఉన్న సీమ పూసపాటివారి ఏలుబడిలోనిది. వారి తొలి స్థావరాలలో ఒకటైన కుమిలి రామతీర్థానికి దాపులోనే ఉంది. 1713లో విజయనగరం కోటకు పునాది పడిన తరువాత అధికార కేంద్రం అక్కడికి మారింది. ఉత్తరాన బొబ్బిలి, దక్షిణాన పద్మనాభం, పడమట తూర్పు కనుమలు ఈ సీమకు ఎల్లలవంటివి. 18వ శతాబ్దం మధ్యనుంచి తుపాకిమందు వాసన సోకని దిక్కు వీటిలో లేదు.

బొబ్బిలి, పద్మనాభ యుద్ధాలను వీరగాథలుగా, సంస్థాన చరిత్రలుగా చదివే సంప్రదాయం బలంగా ఉంది. గూడెం–రంప తిరుగుబాట్లను అడవి హక్కులు, వెట్టిచాకిరి, ముఠాదారుల స్థానం అనే కోణాలనుంచి చూసిన పరిశోధన కూడా ఉంది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ‘సబాల్టర్న్ స్టడీస్’ తొలి సంపుటంలో ప్రచురించిన వ్యాసం అందులో ముఖ్యమైనది. ఈ రెండు ధారలనూ కలిపే ప్రశ్న ఒకటి ఉంది: తుపాకి పేలిన తరువాత దానిని మళ్లీ నింపగలిగినవాడు ఎవడు?

2. నింపే చేయి: 18వ శతాబ్దపు స్థితి

వత్తి తుపాకికి గాని, చెకుముకి తుపాకికి గాని కావలసినవి కొద్ది వస్తువులే. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లమందు, సీసం కరిగించి పోసిన గుండు, నిప్పు కోసం వత్తి లేదా చెకుముకి రాయి. వీటిలో గంధకం తప్ప తక్కినవి చాలావరకు దేశంలోనే దొరికేవి. గంధకం కూడా బజారు సరుకే. మందు నూరేవాడు, గుండు పోసేవాడు, ఇనుపపని చేసే కమ్మరి ఉన్న ఊరు తన తుపాకిని తానే నింపుకోగలిగేది. ప్రతి పేలుడుకూ ముందు గొట్టం మూతినుంచి మందు పోసి, గుండు దించి, చువ్వతో కూరడం వాడుకరి పనే. నేటి భాషలో చెప్పాలంటే ఆనాటి తుపాకిదారులందరూ తమ మందుగుండును తామే కూర్చుకొన్నవారు.

1757 జనవరి 24న బొబ్బిలి కోటమీదికి వచ్చిన బుస్సీ సైన్యం వెంట ఫ్రెంచి ఫిరంగులున్నాయి. కోట కూలింది. అయితే కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు పూసపాటి విజయరామరాజును ఆయన గుడారంలోనే కత్తితో చంపడంతో ఆ కథ ముగిసింది. ఫిరంగి నిర్ణయించిన యుద్ధానికి కత్తి ముగింపు పలకడం ఆ కాలపు ఆయుధ వ్యవస్థ మిశ్రమ స్వభావాన్ని చూపుతుంది. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు, ఆనంద గజపతిరాజు పక్షాన నిలిచి ఫ్రెంచివారిని ఓడించాడు. ఆ తరువాత ఉత్తర సర్కారులలో పైచేయి ఇంగ్లీషు కంపెనీదైంది.

కంపెనీ సిపాయి చేతిలో ఉన్న చెకుముకి తుపాకి సంస్థాన సైనికుడి తుపాకికంటే మూలంలో భిన్నమైనది కాదు. భేదం కాగితపు తూటాలో ఉంది. కొలిచిన మందును, గుండును కలిపి ముందే కాగితంలో చుట్టి ఇచ్చేవారు. సిపాయి కాగితాన్ని పంటితో చించి, మందు పోసి, గుండు కూరేవాడు. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి సుమారు మూడు గుండ్లు పేల్చగలిగేవాడు. కొలత ఏకరూపంగా ఉండడం, నింపే కదలికలను కవాతుగా నేర్పడం కంపెనీ బలంలో ఒక భాగం.

1794లో విజయరామరాజును మచిలీపట్నం వెళ్లమని కంపెనీ ఉత్తర్వు చేయగా, ఆయన పద్మనాభంలో నిలిచాడు. జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళంతో జరిగిన ఆ పోరు గంట సేపైనా సాగలేదు. రాజు, ఆయనతోపాటు మూడు వందలకు పైగా అనుచరులు నేలకొరిగారు. ఆ ఫలితానికి రాజకీయ కారణాలు, సంఖ్యాబలం, ఎదిరించాలన్న సంకల్పంలోని సందిగ్ధత వంటివి ఉన్నాయి. దానిని తుపాకుల నాణ్యత ఒక్కదానితో వివరించడం సరికాదు. అయినా నింపే వేగమూ ఏకరూపతా ఒక పక్షానికే ఉండడం విస్మరించదగినది కాదు. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారుల సాయుధ, పోలీసు అధికారాలు హరించుకుపోయాయి. సైన్యం పోయింది గాని, పల్లెలోనూ కొండలోనూ నల్లమందు నూరే విద్య పోలేదు.

3. రాగి టోపీనుంచి కర్మాగారానికి

ఆ విద్యను నిరర్థకం చేసినది ముందు యుద్ధం కాదు, రసాయనశాస్త్రం. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ దెబ్బకు పేలే రసాయనంతో తుపాకిని వెలిగించే పద్ధతికి పేటెంటు పొందాడు. దానినుంచి రాగి టోపీ పుట్టింది. చెకుముకి రాయిని వాగులో ఏరుకోవచ్చు. టోపీలోని పేలుడు రసాయనాన్ని పల్లెలో తయారుచేయడం సాధ్యం కాదు. తుపాకి నింపే సామగ్రిలో గ్రామానికి అందని మొదటి వస్తువు ఇదే.

రెండవ మెట్టు లోహపు తూటా. 1866లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డాన్ వేర్వేరు తరహాల ప్రైమర్లను రూపొందించారు. టోపీ, మందు, గుండు మూడూ ఒకే ఇత్తడి తొడుగులో ఇమిడిపోయాయి. పేలిన తొడుగును మళ్లీ నింపడానికి బాక్సర్ పద్ధతి అనుకూలం. అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉండడం వల్ల వాడిన ప్రైమరును సన్నని చువ్వతో నెట్టివేయవచ్చు. బెర్డాన్ తొడుగులో పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుండడం వల్ల ఆ పని కష్టం. ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో, అమెరికావాడి పద్ధతి ఐరోపాలో స్థిరపడడం చరిత్రలోని చమత్కారం. అమెరికాలో తూటాలను ఇంట నింపుకొనే అలవాటు వేళ్లూనడానికి అది ఒక కారణం. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ వంటివి ఆ పనిముట్లను సామాన్యులకు అమ్మాయి.

భారతదేశంలో ఇందుకు విరుద్ధమైన దారి ఏర్పడింది. 1869లో కిర్కీలో మందుగుండు కర్మాగారం మొదలైంది. 1880ల చివర పొగలేని మందు రాగా, దాని ఉత్పత్తికి 1903లో నీలగిరులలోని అరువంకాడులో కార్డైట్ కర్మాగారం వెలసింది. విశాఖపట్నం జిల్లా, నీలగిరులు రెండూ మద్రాసు రాజధానిలోనివే. ఒకే రాజధానిలో ఒక కొండమీద ప్రభుత్వం కొత్త మందు తయారుచేస్తుండగా, మరొక కొండమీద నల్లమందు దంచుకొనేవాడు నేరస్థుడి జాబితాకు చేరువయ్యాడు.

ఈ మార్పుకు చట్టరూపం 1878 నాటి 11వ చట్టం. ‘మందుగుండు’ అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం శ్రద్ధగా చదవదగినది. చెకుముకి రాళ్లు, టోపీలు, గుండుకు మందుకు నడుమ కూరే బిళ్లలు, మందుగుండు విడిభాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు అన్నీ అందులో చేరాయి. సీసం, గంధకం, సూరేకారం మాత్రం మినహాయించబడ్డాయి. వర్తకానికీ, వైద్యానికీ, చేతిపనులకూ అవసరమైన ఆ సరుకులను సర్వత్రా నిషేధించడం సాధ్యం కాదు. అయితే చట్టం అక్కడితో ఆగలేదు. అవసరమైన ప్రాంతంలో ప్రకటన ద్వారా ఆ మూడింటినీ ‘సైనిక సామగ్రి’గా పరిగణించే అధికారాన్ని గవర్నర్ జనరలుకు ఇచ్చింది. శాంతికాలంలో బజారు సరుకు, అలజడి కాలంలో ఆయుధ సామగ్రి కావడానికి ఒక ప్రకటన చాలు. తుపాకిమీద అధికారం దాని తిండిమీద అధికారంగా మారిన ఘట్టమిది.

4. గూడెం–రంప: 2,500 తూటాల లెక్క

1922 నాటికి గూడెం కొండలు కూడా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనివే. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో వరుస దాడులు జరిగాయి. మూడింటిలోనూ కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తిరుగుబాటుదారుల చేత చిక్కాయి. తీసుకొన్న సామగ్రి వివరాలను ఠాణా పుస్తకంలో రాసి సీతారామరాజు సంతకం చేయడం ప్రసిద్ధం. దీనిని నాయకుడి నిర్భీతికి నిదర్శనంగా చెప్పుకొంటారు. అది ఒక సరంజామా లెక్క కూడా.

ఆ లెక్కను విడదీస్తే ఒక్కొక్క తుపాకికి సగటున 96 తూటాలు వస్తాయి. కొత్త తుపాకి పల్లె మందుతో పేలదు. పేలిన తొడుగును నింపడానికి ప్రైమరు లేదు, తగిన మందు లేదు. అంటే చేజిక్కిన ప్రతి తుపాకీ ఆయుష్షు లెక్కపెట్టి ఇచ్చినదే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతమయ్యారు. కొత్త ఆయుధాలు కొండదారుల జ్ఞానంతో కలిసినప్పటి శక్తికి ఆ ఘటన తార్కాణం. అయితే మళ్లీ నింపుకోవాలంటే మరొక ఠాణా కావాలి. అక్టోబరులో అడ్డతీగలమీద దాడి జరిగేసరికి పోలీసులు జాగ్రత్తపడి ఆయుధాలను ముందే దాచివేశారు. ఠాణా చేజిక్కింది గాని తూటాలు చిక్కలేదు.

డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద తిరుగుబాటుదారులకు గట్టి నష్టం కలిగింది. ఆ తరువాత అస్సాం రైఫిల్స్ దళాలు దిగాయి. 1924 మే 7న సీతారామరాజు కొయ్యూరు వద్ద కాల్చివేయబడ్డాడు. గ్రామాలమీద పడిన అణచివేత, ఆహారం అందకుండా చేయడం, సైనిక సంఖ్య ఈ పతనానికి ప్రధాన కారణాలు. వాటి సరసన మందుగుండు కొరతను కూడా నిలపవలసి ఉంటుంది. పద్మనాభంలో ఓడిన పక్షం తన తుపాకిని తాను నింపుకోగలిగినది. గూడెంలో పోరాడిన పక్షం శత్రువు నింపిన తూటామీద ఆధారపడవలసి వచ్చింది. నూటపాతికేళ్ల అంతరంలో వచ్చిన మౌలికమైన మార్పు ఇది.

5. స్వతంత్ర భారతంలో పోటీ షూటింగు

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. జాతిని బట్టి మినహాయింపులిచ్చే పాత రీతి తొలగింది గాని, మందుగుండు నిర్వచనంలోని పట్టు సడలలేదు. విడిభాగాలు, తయారీ యంత్రాలు ఇందులోనూ ఉన్నాయి. ప్రకటన ద్వారా ముడిపదార్థాలను చేర్చే అధికారం కేంద్రానికి ఉంది. ఆయుధాల తయారీకే కాక మార్పుకు, మరమ్మతుకు, పరీక్షకు సైతం 5వ సెక్షను లైసెన్సు కోరుతుంది. 2019 సవరణ సాధారణ లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను రెండుకు తగ్గించింది.

అమెరికాలో పిస్టల్ పోటీదారు తన తూటాను తానే నింపుకోవడం మామూలు. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే దాని ప్రయోజనం కాదు. 1976లో కొలంబియా నగరంలో ఏర్పడిన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగు సమాఖ్య పోటీలలో తూటా శక్తికి కనీస పరిమితి ఉంది. గ్రెయిన్లలో గుండు బరువును సెకనుకు అడుగులలో వేగంతో గుణించి 1000తో భాగిస్తే కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల గుండు 1010 అడుగుల వేగంతో పోతే ఆ పరిమితిని కొద్దిగా దాటుతుంది. అంతకు మించిన శక్తి పోటీదారుకు అనవసరపు కుదుపు. తన పిస్టలుకు తగిన మోతాదును వెతుక్కొనే స్వేచ్ఛలోనే తూటా నింపుకోవడంలోని ఆకర్షణ ఉంది.

అంతర్జాతీయ షూటింగు క్రీడా సమాఖ్య పోటీల స్వరూపం వేరు. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల తూటాలు వాడతారు. లక్ష్యపటంలో శుభ్రమైన గుండ్రని రంధ్రం పడేందుకు ముందుభాగం చదునుగా ఉండే గుండును ఎంచుకుంటారు. 2006 దోహా ఆసియా క్రీడలలో జస్‌పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసినది ఈ పోటీలోనే. ఒలింపిక్ పిస్టల్ పోటీలలో ఇది లేదు. అక్కడి 25 మీటర్ల పోటీలకు 5.6 మిల్లీమీటర్ల తూటా వాడతారు. దానిలో పేలే రసాయనం తొడుగు అంచులోనే ఉంటుంది. ముల్లు తగిలినప్పుడు అంచు నలిగిపోతుంది కనుక దానిని మళ్లీ నింపడం ఆచరణలో కుదరదు.

ఈ పరిమితిలో క్రీడాకారుడికి మిగిలేవి రెండు స్వేచ్ఛలు. ఒకే విడతలో తయారైన తూటాలను తన పిస్టలుతో పరీక్షించి, ఒకేచోట గుంపుగా తగిలే విడతను ఎంచుకోవడం మొదటిది. నియమాల లోపల పిస్టలును తన చేతికి సవరించుకోవడం రెండవది. 25 మీటర్ల పిస్టలు మీట కనీసం 1000 గ్రాముల బరువును మోయాలి. 10 మీటర్ల గాలి పిస్టలుకు అది 500 గ్రాములు. ఈ కనీసానికి దిగకుండా మీట కదలికను, పిడి ఆకారాన్ని, గురిచూపును సరిచేసుకుంటారు. 2022 ఆసియా క్రీడలలో 25 మీటర్ల జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం పొందిన హైదరాబాదు క్రీడాకారిణి ఈషా సింగ్ వాడినది ఇటువంటి కర్మాగారపు తూటానే.

నిర్ణీత శక్తికి లోబడిన గాలి ఆయుధాలకు భారత నియమాలు లైసెన్సు మినహాయింపు ఇస్తున్నాయి. వాటికి మందు లేదు, ప్రైమరు లేదు, సీసపు గుళిక చాలు. రాజధాని నగరాలకు దూరంగా ఉన్న విజయనగరం వంటి జిల్లాలలో ఈ క్రీడకు అందుబాటులో ఉన్న ద్వారం ఇదే. అక్కడినుంచి 25 మీటర్ల పోటీకి చేరడంలో ఎదురయ్యే అడ్డంకి ప్రతిభ ఒక్కటే కాదు. తూటా, దానికి కావలసిన లైసెన్సు, దిగుమతి, ఖర్చు అన్నీ అడ్డంకులే.

6. ముగింపు

రామతీర్థం పరిసర సీమలో తుపాకి చరిత్ర రెండు ప్రక్రియల కలయిక. మొదటిది సాంకేతికం: పల్లెలో నూరిన మందుకు బదులు కర్మాగారపు తూటా రావడం. రెండవది చట్టపరం: సీసం, గంధకం, సూరేకారం వంటి సామాన్య సరుకులను సైతం ఒక ప్రకటనతో ఆయుధ సామగ్రిగా మార్చగలిగే అధికారం ఏర్పడడం. ఈ రెండూ కలిసిన చోట 1922 నాటి దాడులు తుపాకులకోసం ఎంతో, తూటాలకోసం అంతకంటే ఎక్కువగా జరిగినవని అర్థమవుతుంది.

ప్రజల భద్రత దృష్ట్యా ఈ కట్టడికి నేడు బలమైన సమర్థన ఉంది. దాని పుట్టుక మాత్రం భద్రతా చింతనలో కంటే వలసపాలకుల అవిశ్వాసంలో ఎక్కువగా ఉంది. కనుక క్రీడా లైసెన్సుల విధానాన్ని చర్చించేవారు 1878 నిర్వచనంలోని ఏ భాగం ప్రజల ప్రాణరక్షణకు అవసరమో, ఏ భాగం పాలకుల భయానికి అవశేషమో విడదీసి చూడాలి. ఉత్తరాంధ్ర స్థానిక చరిత్ర అందుకు కావలసిన సాక్ష్యాన్ని అందిస్తుంది. ఠాణా పుస్తకాలు, ఆయుధ లైసెన్సుల నమోదులు, సంస్థాన లెక్కలను మందుగుండు పద్దుల వరుసలో చదవడం ఈ దిశలో తదుపరి పరిశోధనకు తగిన మార్గం.