వైద్య ఇమేజింగ్ టెక్నాలజిస్టు వృత్తి: చదువు, పని, అవకాశాలు

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో భౌతిక శాస్త్రవేత్త విల్హెల్మ్ రాంట్జెన్ ఎక్స్ కిరణాలను గుర్తించారు. ఏటా ఆ తేదీనే ప్రపంచ రేడియోగ్రఫీ దినోత్సవంగా పాటిస్తున్నారు. భార్య చేతి ఎముకలను ఆయన తీసిన ఛాయాచిత్రంతో మొదలైన ఈ విద్య నేడు సీటీ, ఎంఆర్ఐ, మామోగ్రఫీ, పెట్ స్కాన్‌ల వరకు విస్తరించింది. ఈ యంత్రాలను నడిపేవారే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజిస్టులు. రోగులలో కొందరు వీరిని వైద్యులనుకుంటారు, మరికొందరు మీట నొక్కే ఉద్యోగులనుకుంటారు. చిత్రాన్ని చదివి వ్యాధిని నిర్ధారించేది రేడియాలజిస్టు, అంటే ఆ విభాగంలో పీజీ చేసిన వైద్యుడు. ఆ చిత్రం చదవడానికి వీలుగా ఉండేలా చూడవలసిన బాధ్యత టెక్నాలజిస్టుది.

ఆ బాధ్యత ఎంతటిదో సాధారణమైన ఛాతీ ఎక్స్‌రేతోనే తెలుస్తుంది. భుజంమీదుగా పడిన జడ ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలా కనిపిస్తుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో అటువంటి మచ్చ ఒక కుటుంబాన్ని నెలల తరబడి ఆందోళనలో పెట్టగలదు. రవికె హుక్కులు, పిన్నీసులు, తాయెత్తులు కూడా ఇటువంటి భ్రమలనే కలిగిస్తాయి. రోగి పూర్తిగా ఊపిరి పీల్చి నిలపకపోతే గుండె అసలు పరిమాణం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. కుడి, ఎడమ గుర్తులు తారుమారైతే కలిగే నష్టం గురించి వేరే చెప్పనక్కరలేదు. కనుక రోగి పేరు, వయసు, పరీక్షించవలసిన భాగం సరిచూసుకోవడం, స్త్రీలయితే గర్భం గురించి మర్యాదగా అడగడం ఈ వృత్తిలో ప్రాథమిక పాఠాలు. సీటీలో అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు అలర్జీ ఉన్నదా, మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయా అన్నది కూడా తెలుసుకోవాలి.

ఎంఆర్ఐ గదిలో ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. ఇందులో ఎక్స్ కిరణాలు ఉండవు. కానీ అయస్కాంతం స్కాన్ జరగని వేళ కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఆసుపత్రులలో సాధారణంగా వాడే యంత్రాల శక్తి 1.5 లేదా 3 టెస్లాలు, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి వేల రెట్లు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లిన యువకుడు యంత్రం వైపు లాగబడి ప్రాణాలు కోల్పోయాడు. లోపలికి ఎవరు వెళ్లాలి, ఏమి తీసుకువెళ్లరాదు అన్నది వాకిలి దగ్గర తేల్చవలసిన వ్యక్తి టెక్నాలజిస్టే. మన ప్రాంతంలో పుస్తెలతాడు, మెట్టెలు తీయడానికి వెనుకాడే స్త్రీలకు నొప్పి కలగకుండా నచ్చజెప్పడం పాఠ్యపుస్తకాలలో దొరకని నేర్పు. శరీరంలో పేస్‌మేకర్, క్లిప్పులు వంటివి ఉన్నవో లేవో పత్రం నింపించి వదిలేయకుండా నోటితో మరొకసారి అడగాలి.

రేడియేషన్ భయంతో ఈ చదువుకు దూరంగా ఉండేవారున్నారు. నియమాలు పాటిస్తే అంత భయం అవసరం లేదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం సిబ్బందికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులు గరిష్ఠ పరిమితి. గర్భం ధరించిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేసిన తరువాత గర్భస్థ శిశువుకు మిగిలిన కాలమంతటికీ 1 మిల్లీసీవర్టు మించరాదు. ఎంత మోతాదు సోకిందో తెలుసుకోవడానికి ధరించే టీఎల్‌డీ బ్యాడ్జీని సీసపు ఏప్రాన్ లోపల, ఛాతీ వద్ద పెట్టుకోవాలి. సాధారణంగా మూడు నెలలకొకసారి దానిని పరిశీలనకు పంపుతారు. బ్యాడ్జీని గదిలోనే వదిలి వెళ్లే అలవాటు మంచిది కాదు. అప్పుడు నమోదయ్యేది మనిషికి సోకిన మోతాదు కాదు, గదిలోనిది.

ఇక చదువు. ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసినవారు డిప్లొమాలో గాని, బీఎస్సీలో గాని చేరవచ్చు. కొన్ని కోర్సులలో ఎంపీసీ విద్యార్థులకూ అవకాశం ఉంది. తెలుగు రాష్ట్రాలలో రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ డిప్లొమాను పారామెడికల్ బోర్డులు పర్యవేక్షిస్తాయి. డిగ్రీ సాధారణంగా మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనూ, ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలల్లోనూ డిగ్రీ స్థాయి చదువు ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది. ఆ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులకు కనీసం 2,000 గంటల, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులకు కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలి. ఆరు నెలల్లో ఉద్యోగం అని గోడలపై కనిపించే ప్రకటనలను ఈ అంకెల పక్కన పెట్టి చూడవచ్చు. రుసుము కట్టే ముందు కోర్సుకు గుర్తింపు ఉన్నదా, అనుబంధ ఆసుపత్రిలో సీటీ, ఎంఆర్ఐ యంత్రాలు నిజంగా ఉన్నాయా, విద్యార్థిని వాటి దగ్గరకు రానిస్తారా అని వెళ్లి చూడాలి. యంత్రాన్ని బొమ్మలో మాత్రమే చూసి పట్టా పొందినవారు మొదటి ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు.

ఒక అపోహను తొలగించవలసి ఉంది. బ్రిటన్ వంటి దేశాలలో అల్ట్రాసౌండ్ పరీక్షలను సోనోగ్రాఫర్లు స్వయంగా చేస్తారు. మన దేశంలో గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, దాని నియమాల కారణంగా గర్భిణుల అల్ట్రాసౌండ్ పరీక్ష అర్హత పొందిన వైద్యులే చేయాలి. ఈ హద్దు దాటమని యజమాని కోరినా టెక్నాలజిస్టు అంగీకరించరాదు. అది శిక్షార్హం.

ప్రభుత్వ రంగంలో రాష్ట్రాల ఆసుపత్రులు, మంగళగిరి, బీబీనగర్ సహా ఎయిమ్స్ సంస్థలు, ఈఎస్ఐ, రైల్వేలు రేడియోగ్రాఫర్లను నియమిస్తాయి. రైల్వేలో ఈ పోస్టు ఏడవ వేతన సంఘం ప్రకారం అయిదవ స్థాయిలో ఉంది, ప్రారంభ మూలవేతనం 29,200 రూపాయలు. ప్రైవేటు కేంద్రాలలో కొత్తవారికి తొలినాళ్లలో జీతం తక్కువే. సీటీ, ఎంఆర్ఐ, క్యాథ్‌ల్యాబ్ అనుభవం వచ్చాక పరిస్థితి మారుతుంది. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు అక్కడి లైసెన్సు పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదు తప్పనిసరి. ఈ రెండింటికీ డిగ్రీ, అనుభవ ధ్రువపత్రాలు, ఇంగ్లీషు కావాలి గనుక డిప్లొమాతో ఆగకపోవడం మేలు.

కృత్రిమ మేధ ఈ ఉద్యోగాలను మింగేస్తుందా అన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. క్షయ పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రేలను చదివే సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. 2024 డిసెంబర్ 7న మన దేశంలో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేత పట్టుకునే ఎక్స్‌రే పరికరాలు ఊళ్లకు వెళ్లాయి. అయితే ఆ సాఫ్ట్‌వేర్ చదవడానికి ముందు ఎవరో ఒకరు ముసలివారిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, చిత్రం తీయవలసిందే.