గెలిచిన ఎన్నిక, మిగలని పార్టీ

రాజకీయ పార్టీలే లేని దేశంలో ఉంటూ మనం పార్టీల గురించి మాట్లాడుకున్నంతగా బహుశా మరెవరూ మాట్లాడుకోరు. దుబాయిలోనో, షార్జాలోనో, అబూధాబీలోనో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ముందు ఊళ్ళో వానల సంగతి, తర్వాత పిల్లల చదువులు, ఆ తర్వాత తప్పనిసరిగా ఎన్నికలు. ఎవరికెన్ని సీట్లు వచ్చాయన్న దగ్గర మొదలైన మాట చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ సీట్లతో ఆ పార్టీ ఏం చేసింది, కొన్నాళ్ళకు తానేమైంది అన్న ప్రశ్న దాకా మనం వెళ్ళం. ఆ ప్రశ్నకు జవాబు మన చరిత్రలోనే ఉన్నది. అది తెలంగాణ ప్రజాసమితి కథ.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద నమ్మకంతో ఆ ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న అసంతృప్తి పన్నెండేళ్ళపాటు పేరుకుపోయి 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంగా బద్దలయింది. విద్యార్థులు, ఉద్యోగులు వీధులకెక్కారు. పోలీసు కాల్పులలో ఎందరో యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉద్యమం నుంచే తెలంగాణ ప్రజాసమితి పుట్టింది. కొద్ది కాలంలోనే దాని పగ్గాలు మర్రి చెన్నారెడ్డి చేతికి వచ్చాయి.

1971 మార్చిలో లోక్‌సభకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. దేశమంతటా ఇందిరాగాంధీ గాలి వీచింది. ఆ గాలిలో కూడా తెలంగాణలోని 14 స్థానాలలో 10 స్థానాలను ప్రజాసమితి గెలుచుకున్నది. రెండేళ్ళ వయసున్న ప్రాంతీయ పార్టీకి ఇది సామాన్యమైన విజయం కాదు. కానీ అదే ఏడాది సెప్టెంబరులో ఆ పార్టీ కాంగ్రెసులో విలీనమైంది. గెలిచి ఆరు నెలలయినా నిండాయో లేదో, గెలిపించిన జెండాయే లేకుండా పోయింది.

నాయకులను తిట్టి ఊరుకోవడం తేలిక. వారి లెక్క ఏమిటో కూడా చూడాలి. ఢిల్లీలో ఇందిరాగాంధీకి 352 స్థానాలున్నాయి. ప్రజాసమితి పదిమంది మద్దతు ఆమెకు అక్కరలేదు. మద్దతు అవసరం లేనివారితో బేరం కుదరదు. పైగా 1972లో శాసనసభ ఎన్నికలు రానున్నాయి. చెన్నారెడ్డిగారికి అంతకు మునుపే ఒక ఎన్నికల కేసు తీర్పు వల్ల ఆరేళ్ళపాటు పోటీచేసే అర్హత లేకుండా పోయింది. చేతిలో ఉన్న బలం కరగకముందే దానిని మార్చుకోవాలన్న ఆలోచన ఇక్కడ అర్థం కానిదేమీ కాదు.

ప్రతిఫలం కూడా వెంటనే కనిపించింది. కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేయగా, 1971 సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ వ్యక్తి ఆ పదవికి రావడం అదే మొదటిసారి. అయితే ఆ ఫలం ఎంతకాలం నిలిచింది? 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. వెంటనే కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. అక్కడా ప్రాణనష్టం జరిగింది. 1973 జనవరిలో పి.వి. ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే సెప్టెంబరులో వచ్చిన ఆరు సూత్రాల పథకంతో ముల్కీ నిబంధనలు, తెలంగాణ ప్రాంతీయ సంఘం రెండూ రద్దయ్యాయి. 1971 ఓటరు ఏ రక్షణల కోసం ఓటు వేశాడో అవి రెండేళ్ళలో చేజారాయి. అప్పుడు అతని తరఫున నిలబడి అడగడానికి ప్రజాసమితి లేదు. చెన్నారెడ్డిగారు తరువాత గవర్నరయ్యారు. 1978లోనూ, 1989లోనూ ముఖ్యమంత్రి అయ్యారు. నాయకుడికి భవిష్యత్తు మిగిలింది, పార్టీకి మిగలలేదు. విత్తనపు గింజలు వండుకు తింటే ఆ పూటకు కడుపు నిండుతుంది కాని వచ్చే కారుకు చల్లడానికేమీ ఉండదు.

అదే 1971లో, డిసెంబరు 2న, మనమున్న ఈ గడ్డ మీద ఆరు ఎమిరేట్లు కలిసి ఒక దేశమయ్యాయి. 1972 ఫిబ్రవరిలో రాస్ అల్ ఖైమా ఏడవదిగా చేరింది. కలిశాయి గాని ఏదీ కరిగిపోలేదు. ఎవరి పాలకుడు వారికి ఉన్నాడు, ఎవరి సహజ సంపద వారిదేనని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. రాజ్యాల కలయిక వేరు, పార్టీల విలీనం వేరు, నిజమే. కాని తనదంటూ కొంత నిలుపుకొని కలవడానికీ, తానే లేకుండా కలవడానికీ ఉన్న తేడా రెండుచోట్లా ఒకటే.

ఆ తేడాను 2001 ఏప్రిల్ 27న పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి గుర్తుపెట్టుకున్నట్లే కనిపిస్తుంది. 2004లో కాంగ్రెసుతో పొత్తు పెట్టుకుని 26 శాసనసభ స్థానాలు గెలిచింది. కోరిక నెరవేరనప్పుడు మంత్రి పదవులు వదులుకున్నది. 2008లో రాజీనామాలు చేసి ఉప ఎన్నికలకు వెళ్ళి చాలా స్థానాలు పోగొట్టుకున్నది. 2009లో తెలుగుదేశంతో కలిసి పోటీ చేస్తే పదే మిగిలాయి. ఆనాటి పత్రికలు చూస్తే ఆ పార్టీ పని అయిపోయిందనే అనిపిస్తుంది. కాని జెండా మిగిలింది. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు, మునుపు అన్న మాటను పక్కనపెట్టి, కాంగ్రెసులో విలీనానికి ఒప్పుకోలేదు. ఏరు దాటి తెప్ప తగలేసిందని అన్నవారున్నారు. ఆ ఎన్నికలో 119కి 63 స్థానాలు గెలిచి అధికారానికి వచ్చింది. రాష్ట్రమిచ్చిన కాంగ్రెసుకు అటు ఆంధ్రలో ఒక్క శాసనసభ స్థానమైనా దక్కలేదు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2018లో 88 స్థానాలు గెలిచిన ఆ పార్టీయే 2022లో తన పేరులోని తెలంగాణను తీసివేసి భారత్ చేర్చుకున్నది. 2023లో 39 స్థానాలకు దిగింది, 2024 లోక్‌సభ ఎన్నికలలో ఒక్కటీ గెలవలేదు. ఓటమికి కారణాలు అనేకం ఉంటాయి. కాని పుట్టుకకు కారణమైన మాటను పేరులోంచి తీసేశాక పార్టీ దేనికోసం ఉన్నదో మళ్ళీ చెప్పుకోవలసి వస్తుంది.

ఇదంతా మనకెందుకని అడగవచ్చు. 2010 చట్ట సవరణ తర్వాత ప్రవాసులమైన మనం స్వస్థలంలో ఓటరుగా నమోదు కావచ్చు, కాకపోతే స్వయంగా వెళ్ళి వేయాలి. సెలవు దొరకాలి, టికెట్టు కొనాలి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చి ఎండలో పనిచేస్తున్న అన్నకు ఆ ఒక్క ఓటు నెల జీతమంత ఖరీదు. అంత ఖరీదు పెట్టి ఇచ్చిన ఓటును ఆరు నెలలలో ఇంకొకరి ఖాతాలో జమ వేసే పార్టీ ఏదైనా సరే, ఏ ప్రాంతానిదైనా సరే, ఈసారి సీట్ల లెక్కతో పాటు ఆ సంగతి కూడా మన మాటల్లోకి రావాలి.