ఉపగ్రహం నుంచి అరచేతి దాకా: తెర మీద చదువుకు యాభై ఏళ్లు

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది ఫోన్‌లోనే చూస్తున్నారు. దీనికి ముందు ఏం చూశారో నేను అడగను, భయపడకండి. కానీ ఇదే ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి లెక్క అర్థంకాక యూట్యూబ్‌లో వెతికి ఉంటారు. పరీక్షకు ముందురోజు రాత్రి, ముఖం కూడా తెలియని ఒక సార్ చెప్పిన పాఠాన్ని డబుల్ స్పీడ్‌లో పెట్టుకుని విని ఉంటారు. ఇదంతా జియో వచ్చాక మొదలైందని కొందరు అనుకుంటారు, కరోనాతో మొదలైందని ఇంకొందరు అంటారు. అసలు కథ అంతకంటే చాలా పాతది. అందులో మన తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి.

1975కి వెళ్దాం. అప్పటికి హైదరాబాద్‌లోనే దూరదర్శన్ కేంద్రం లేదు, అది 1977లో వచ్చింది. అంటే నగరంలో ఉన్నవాళ్లకే టీవీ లేని రోజులు. అలాంటి సమయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని మారుమూల ఊళ్లకు టీవీ వచ్చింది. అదీ నేరుగా ఉపగ్రహం నుంచి! వినడానికి సినిమా కథలా ఉంటుంది గానీ నిజంగా జరిగింది.

దాని పేరు సైట్. విస్తరించి చెప్తే శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. పేద దేశానికి రాకెట్లు, ఉపగ్రహాలు ఎందుకని అడిగినవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబుల్లో ఇదొకటి. ఊరూరా టవర్లు కట్టుకుంటూ పోతే దశాబ్దాలు పడుతుంది, ఆకాశంలో ఒక్క ఉపగ్రహం ఉంటే పని ఒకేసారి అయిపోతుంది. 1969లో అమెరికా సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది. 1971 చివర్లో సారాభాయ్ చనిపోయారు. తన కల నిజమవడం ఆయన చూడలేదు.

1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలయ్యాయి. ఆరు రాష్ట్రాలు, 2,400 ఊళ్లు. ఊరికొక టీవీ, దాని పక్కన కోళ్ల గూటికి వాడేలాంటి వల బిగించిన మూడు మీటర్ల డిష్. రోజుకు నాలుగు గంటలు ప్రసారం. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు. పిల్లల కార్యక్రమాలు నాలుగు భాషల్లో వచ్చేవి, అందులో తెలుగు ఒకటి. ఒక్కో భాషకు దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలు. ఇప్పుడు మనం ఒక రీల్ నుంచి ఇంకో రీల్‌కి జరుపుకుంటూ పోతే తెలియకుండా గడిచిపోయేంత టైమ్ అది.

కానీ ఒక పెద్ద ఇబ్బంది ఉంది. తెర నుంచి మాట ఊరికి వస్తుంది, ఊరి నుంచి మాట తెరకు పోదు. పిల్లాడికి డౌట్ వస్తే ఎవరిని అడగాలి? టీవీని అడగలేడు కదా. పక్కన ఉన్న టీచర్‌నే అడగాలి. ఆ టీచర్‌కు సైన్స్ సరిగ్గా రాకపోతే పాఠం అక్కడితో ఆగిపోతుంది.

సైట్ వాళ్లు ఈ సంగతి పట్టుకున్నారు. సెలవుల్లో వేల మంది ప్రైమరీ టీచర్లకు సైన్స్ బోధనలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. ఉత్త టీవీ పెట్టి వదిలేయలేదు. టీవీ పాఠంతో పాటు రేడియో, ముద్రించిన పుస్తకాలు, చేతులతో చేసి చూసే ప్రయోగాలు, దగ్గరుండి నడిపించడానికి ఒక మనిషి. ఉపగ్రహం అంత గొప్పదైనా, ఆఖరి పది అడుగులు మనిషే మోయాల్సి వచ్చిందన్నమాట.

1976 జూలై 31న ప్రయోగం ముగిసింది. అది అరువు ఉపగ్రహం. ఏడాది గడువు అయిపోయింది, నాసా దాన్ని మళ్లీ అమెరికా వైపుకు జరుపుకుంది. మన ఊళ్లలో డిష్‌లు ఉన్నాయి, పైనుంచి వచ్చే పాఠం లేదు. ఫ్రీ ట్రయల్ అయిపోయిన యాప్ సంగతి మీకు తెలుసుగా, అలాగే.

ఇప్పుడు 1982. ఈసారి వేదిక హైదరాబాద్. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి. తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వీసీగా ఆయన్నే పిలిచారు.

ఇక్కడ టెక్నాలజీ చూస్తే నవ్వొస్తుంది. పోస్టులో వచ్చే పుస్తకాలు, రేడియో పాఠాలు, క్యాసెట్లు. కానీ పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లకి, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడవాళ్లకి, ఇంటర్ పాస్ కాకపోయినా ప్రవేశ పరీక్ష రాసి వచ్చినవాళ్లకి డిగ్రీ తలుపు తెరుచుకుంది. ఊళ్లలోని కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి సెలవు రోజుల్లో తరగతులు నడిపారు. వారమంతా ఒంటరిగా చదివి, ఆ రోజు వచ్చి డౌట్లు అడగొచ్చు. మళ్లీ అదే సంగతి. పాఠం దూరం నుంచి వచ్చినా, ప్రశ్నకు మాత్రం ఎదురుగా ఒక మనిషి కావాలి.

ఇక్కణ్నుంచి కొంచెం వేగంగా వెళ్దాం. 1984లో యూజీసీ పాఠాలు దూరదర్శన్‌కి ఎక్కాయి. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. ఐఐటీలో సీటు రాకపోయినా ఐఐటీ పాఠం ఎవరైనా వినొచ్చు. 2004 సెప్టెంబర్ 20న మన శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. పూర్తిగా చదువు కోసం మనమే తయారుచేసుకున్న ఉపగ్రహం అది. సారాభాయ్ అరువు తెచ్చుకోవాల్సి వచ్చినదాన్ని, మూడు దశాబ్దాలకు మన గడ్డ మీద నుంచే పంపాం.

2011లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్లు కృత్రిమ మేధ మీద ఒక ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టారు. సుమారు 1,60,000 మంది చేరారు. ఇక కాలేజీలు మూతపడతాయని రాసినవాళ్లూ ఉన్నారు. చివరిదాకా పూర్తి చేసింది ఇరవై వేల పైచిలుకు మంది. మిగతావాళ్లంతా తెలివితక్కువవాళ్లేం కాదు. ఫ్రీగా చేరడం తేలిక. మూడో వారం పాఠం అర్థంకానప్పుడు, పక్కన ఎవరూ లేకుండా కూర్చోవడం కష్టం. మనం డౌన్‌లోడ్ చేసి తెరవని పీడీఎఫ్‌లు ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చవకైంది. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆన్‌లైన్ క్లాసులని అందరూ అన్నారు. కానీ 2017–18 జాతీయ నమూనా సర్వే లెక్క చూస్తే, పల్లెల్లో నూటికి పదిహేను ఇళ్లకే ఇంటర్నెట్ సౌకర్యం ఉంది. మరి ఏం చేశారు? తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరిలో వేశారు. నలభై ఐదేళ్లు తిరిగేసరికి మళ్లీ టీవీ ముందుకే వచ్చాం! పిల్లలు చూస్తున్నారా లేదా అని ఫోన్లు చేసి, ఇళ్లకు వెళ్లి కనుక్కున్నది మళ్లీ టీచర్లే.

ఇప్పుడు మన సంగతి. 2023లో అసర్ సర్వే వాళ్లు గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను కలిశారు. దాదాపు తొంభై శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోన్ వాడే పిల్లల్లో మూడింట రెండొంతుల మంది ఆ వారంలో చదువు కోసం కూడా వాడామని చెప్పారు. ఇది చిన్న విషయం కాదు. "పిల్లలు ఫోన్లు పట్టుకుని చెడిపోతున్నారు" అనే పెద్దవాళ్లకు ఈ లెక్క చూపించండి.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు సుమారు 44 శాతం. అమ్మాయిల్లో 20 శాతం. నాకు ఈ ఎపిసోడ్ మొత్తంలో బాధ కలిగించిన సంగతి ఇదే. 1975లో ఊరంతటికీ ఒకే టీవీ. బడిలో పెట్టిన ఆ టీవీ ముందు ఆడపిల్లా, మగపిల్లాడూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇవాళ ఇంటింటికీ ఫోన్ వచ్చింది, కానీ అన్నయ్య చేతిలోంచి చెల్లి చేతికి వెళ్లడానికి ఇంకా టైమ్ పడుతోంది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి పాఠాన్ని ఊరిదాకా దించగలిగాం. ఒకే గదిలో నాలుగు అడుగుల దూరం మిగిలిపోయింది.

ఆ దూరం తగ్గించడానికి ఇస్రో అక్కర్లేదు. మీ ఇంట్లో ఫోన్ మీ దగ్గరే ఉంటే, రోజూ ఒక గంట దాన్ని చెల్లికో అక్కకో ఇవ్వండి. చార్జింగ్ ఉన్నప్పుడు ఇవ్వండి, రెండు శాతం ఉన్నప్పుడు కాదు. వీలైతే పక్కన కూర్చుని తనకు అర్థం కానిది ఏంటో అడగండి. అప్పట్లో సైట్ టీచర్లు చేసిన పని కూడా అదే.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.