ముందు అడుగు, ఆఖర్న రంగు

మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా నావ చుట్టూ తిరుగుతున్నాడు. చేతిలో చిన్న సుత్తి. జానెడుకో దెబ్బ. గట్టి పలక ఖంగుమంటోంది. అడుగున రెండుచోట్ల మాత్రం తడి గోనెసంచి మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. అక్కడ ఉలి మొన ఆనించి నొక్కితే అంగుళం లోపలికి దిగిపోయింది.

"ఇదొకటి, అదొకటి. లోపల వంపు కర్రలు మూడు పోయాయి. మిగతా చెక్క బాగానే ఉందిరా అబ్బాయ్. కట్టెలకి అమ్మే నావ కాదిది."

నావ యజమాని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పక్కనే నిలబడ్డ భార్య మాత్రం పీల్చుకోలేదు. "ఎంతవుద్దో చెప్పండి మావయ్యా" అంది.

2025 ఏప్రిల్ చివరి వారం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది తీరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా 61 రోజుల వేట నిషేధం. మరబోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. వాటి మీద కూలికి వెళ్లే కలాసీలు ఇళ్ల దగ్గరే. ఈ నావ యజమానీ అలాంటివాడే. తండ్రి వదిలివెళ్లిన చిన్న నావ పెరట్లో బోర్లా పడి ఉంది. దాన్ని బాగు చేసుకుంటే నది మొగలోనూ పాయల్లోనూ సొంతంగా వల వేసుకోవచ్చని చాన్నాళ్ల ఆశ.

ఇంటివాళ్ల పేర్లు ఇక్కడ రాయలేదు. ఇది ఒక్క ఇల్లు కాదు. నిషేధం రోజుల్లో కోనసీమ తీరంలో ఇళ్ల ముందు సాగే పనిని ఒక ఇంటి కథగా కూర్చిన పునఃకల్పన. మనుషులూ మాటలూ కల్పితం. తేదీలు, పథకాలు, పని పద్ధతులు నిజం.

ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల చొప్పున భృతి విడుదల చేశారు. 2019 నవంబరు 21న ఇదే కోనసీమలోని కొమానపల్లిలో పాత ప్రభుత్వం భరోసా పథకం మొదలుపెట్టినప్పుడు అది 10,000. ఇప్పుడు రెట్టింపు. కానీ రెండు నెలల బియ్యం, కిరాణా కొట్టు పాత బాకీ, కూతురి కాలేజీ ఫీజు, అన్నీ ఆ డబ్బు మీదే కళ్లు వేసుకుని కూర్చున్నాయి.

"సగం నావకి. అంతకు మించి రూపాయి ఇవ్వను" అంది భార్య. రాజోలు, మలికిపురం సంతల్లో ఎండుచేపలు అమ్మే మనిషి. లెక్క ఆమెది. మగవాళ్లు ఇద్దరూ తలూపారు.

కొడుక్కి మాత్రం వేరే ఆలోచన. "నాన్నా, పైన ఫైబర్ వేయించేద్దాం. పలకలు మార్చక్కర్లేదు, కారదు, మెరుస్తది."

"తడి చెక్కకి ఫైబర్ తొడిగితే చెమ్మ లోపలే ఉండిపోద్దిరా మనవడా. పైకి నున్నగా కనపడద్ది, లోపల కుళ్లిపోద్ది. పోటుకీ పాటుకీ పలకలు కదులుతుంటే పై పొర బీటలు ఇస్తది" అన్నాడు మేస్త్రీ.

ముసలాయన మాటలో చాదస్తం లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రబ్బరు చెట్టు కలపతో పడవలు చేసి పైన ఫైబర్ తొడిగింది. అయితే ముందు ఆ కలపకు పురుగు పట్టకుండా మందు పట్టించింది. కొత్త కలప, మందు, ఆరబెట్టడం, ఆ తర్వాతే పైపూత. కుళ్లిన పాత పలకను దాచడానికి వేసే ఫైబర్ వేరు సంగతి. ఆ పని చేసేవాళ్లు డబ్బు రెండుసార్లు పోగొట్టుకుంటారు.

చెక్క ఎక్కడ దొరుకుతుంది? కొత్త టేకు ధర వీళ్లకి అందదు. కోనసీమలో పాత మండువా లోగిళ్లు ఒక్కొక్కటే పడగొడుతున్నారు. ఆ దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు అడితికి చేరతాయి. దశాబ్దాలు నీడన ఆరిన టేకు అది. కొత్త చెక్కలా వంకర పోదు. పాత మేకులు జాగ్రత్తగా పీకుతూ రెండు పలకలకి సరిపడా ఏరి తెచ్చారు. వంపు కర్రలకి తుమ్మ. మేస్త్రీ కట్టెల అడితిలో కుప్పంతా తిరగేసి, నావ లోపలి వంపుకు తగ్గట్టు పుట్టుకతోనే వంగిన కొమ్మలు మూడు పట్టాడు. తిన్నటి దుంగని వంపుగా కోస్తే పోగు మధ్యలో తెగి విరుగుతుంది. చెట్టే వంచిన కొమ్మలో పోగు వంపు వెంటే సాగుతుంది. వంటచెరకు ధరకే దొరికాయి.

పని కదిలింది. ఎండు కొబ్బరి మట్టలు వెలిగించి, ఆ మంటను అడుగు పొడవునా చెక్క మాడకుండా ఆడించారు. అంటుకున్న గుల్లలు పెళపెళా రాలాయి. కుళ్లిన పలక ఒకటి తీసి విరిచి మేస్త్రీ కుర్రాడికి చూపించాడు. పైన సూదిమొనంత బెజ్జాలు, లోపల వేలు పట్టే సొరంగాలు. వాటిని తొలిచేది చూడ్డానికి పురుగే గానీ నిజానికి ఆల్చిప్పల జాతి జీవి. పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనని బెజ్జం చేసుకుని దూరి, లోపలే పెరుగుతూ చెక్కను తినేస్తుంది. ఉప్పునీళ్లు ఉంటేనే బతుకుతుంది. అందుకే పాతవాళ్లు నావల్ని కొన్ని వారాలు మంచినీళ్ల పాయలో కట్టి ఉంచేవాళ్లు. వరదకాలంలో గోదావరి ఎర్రనీరు మొగ దాకా దిగితే ఆ పని నదే చేసిపెడుతుంది.

పాత ఇనప మేకుల చుట్టూ చెక్క నల్లబడి పొడిపొడిగా రాలుతోంది. ఆ బెజ్జాల్లో మళ్లీ మేకు కొడితే పట్టు దొరకదు. వాటిని కర్ర చీలలతో మూసి, పక్కగా కొత్త బెజ్జం తొలిచి, జింకు పూత మేకులు దిగ్గొట్టారు. కొడుకు రెండు పలకలూ ఒకేసారి పీకబోతే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి బిగించాకే రెండోది. లేపోతే నావ ఆకారం సాగిపోద్ది."

మే చివర్లో రోహిణి కార్తె వచ్చింది. ఆ ఎండకి పలకల మధ్య సందులు నోళ్లు తెరిచాయి. కొబ్బరాకు పందిరి వేసి, తడి గోనెలు కప్పారు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎండకి విచ్చుకున్న సందుని చూసి భయపడి దూది కుక్కేస్తారు. నీళ్లలో చెక్క ఉబ్బినప్పుడు చోటు లేక పలక మేకుల్ని తన్నేస్తుంది. మేస్త్రీ దూదిని పేని, మొద్దు ఉలితో చేతి బరువు చూసుకుంటూ దించాడు. పైన గుగ్గిలం పొడి నూనెలో కరిగించి పూశారు. గుగ్గిలం భగ్గున అంటుకునే సరుకు కాబట్టి పొయ్యి పందిరికి దూరంగా, గాలికి కింద వైపు పెట్టారు.

అప్పటికి డబ్బు అడుగంటింది. కొడుకు నీలం రంగు డబ్బా కోసం తల్లి వెనకాల తిరిగాడు.

"అడుగుకి తారు కొన్నాక మిగిలితే చూద్దాం" అంది.

మిగల్లేదు. రంగు లేకుండానే నావ సిద్ధమైంది. నా మటుకు ఆ ఇంట్లో అన్నిటికంటే మంచి నిర్ణయం అదే. చేతిలో కొంచెం డబ్బున్నవాడు ముందు అడుగు పలకలకీ వంపు కర్రలకీ మేకులకీ పెట్టాలి. రంగు వచ్చే ఏడాది వేసుకోవచ్చు.

జూన్ 11, ఏరువాక పున్నమి. పున్నమి పోటుకి నీళ్లు ఒడ్డెక్కి వచ్చాయి. ముందుగా కొబ్బరికాయ కొట్టారు. అంతర్వేదిలో అది లక్ష్మీనరసింహస్వామి పేరున కొడతారు. ఆ గుడిని నిలబెట్టింది బెండమూర్లంకకు చెందిన ఓడల యజమాని కొపనాతి కృష్ణమ్మ. ఆయన విగ్రహం గుడిలో స్వామికి ఎదురుగా ఉంటుంది. ఓడల మీద బతికినవాడు కట్టిన గుడి కాబట్టి, ఆ తీరంలో చిన్న నావ దించినా అటు తిరిగి ఒక దండం పెడతారు.

పదిమంది పట్టి నెట్టారు. నావ తేలింది. మరుక్షణం నాలుగు వైపులా నీరు ఊరింది. కొడుకు మొహం పాలిపోయింది. "కారిపోతంది తాతా!"

"కారనియ్యి. దాహం తీరాక అదే ఆగుద్ది."

లోతు లేని చోట గెడకి కట్టి, నీళ్లు నిండనిచ్చి వదిలేశారు. ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. సందులు మూసుకున్నాయి. నిషేధం ముగిసే నాటికి లోపలి నీళ్లు తోడి పారబోస్తే, తెల్లారేసరికి చిప్పెడు నీళ్లే ఊరాయి. ఆ చెమ్మ మామూలే. ఏ చెక్క నావకైనా ఉంటుంది.

ఇక చెప్పాల్సింది ప్రభుత్వానికీ బ్యాంకులకీ. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాతవాటి బదులు కొత్త పడవలు, వలలు ఇచ్చే వీలు పెట్టారు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు జాలర్లకూ వర్తిస్తోంది. మంచి పనులే. కానీ పెరట్లో బోర్లా పడిన నావకు కావాల్సింది కొత్త పడవ ఖరీదులో చిన్న ముక్క. ఆ కొంచెం డబ్బు మరమ్మతు అప్పుగా, తక్కువ కాగితాలతో, నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15 లోపే చేతికి అందాలి. జూన్‌లో వస్తే ఆ ఏడాదికి అది నావకు పనికిరాదు.