జాలరిపేట నుండి మాస్టారి కుర్చీ వరకు

జ్ఞానాపురంలోని మన ప్రధాన దేవాలయం పునీత పేతురుగారి పేరున వెలసినది. పేతురుగారు జాలరి. ప్రభువు పిలిచిన వెంటనే వల విడిచి ఆయనను వెంబడించి, బోధకుడైన వాడు. మన జాలరిపేట బిడ్డ బడిపంతులు కావడానికి మాత్రం తరాలు పట్టినది. దేవాలయాల చరిత్ర, గురువుల చరిత్ర ఈ సంచికలో పెద్దలు వ్రాస్తున్నారు. మేము ఈ దారిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

విశాఖపట్నానికి బడులు కొత్త కావు. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి దొరలు ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చి, బడి పెట్టారు. ఆనందరాయరు సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. క్రాన్ 1809లో, డిగ్రాంజి 1810లో ప్రభువునందు నిద్రించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయినవి. మన కతోలిక గురువులు, పునీత ఫ్రాన్సిస్ సాలెస్ సభవారు, 1846లో అనెసీ పట్టణం నుండి వచ్చారు. మరుసటి ఏడు, 1847లో, పునీత అలోషియస్ పాఠశాల మొదలైనది. 1849లో అదే పట్టణం నుండి పునీత జోజప్పగారి సభ మఠకన్యలు బయలుదేరి వచ్చి, ఆడపిల్లల చదువుకు పాటుపడ్డారు. 1886లో మేత్రాసనం ఏర్పడేనాటికే ఊరిలో చదువు దీపం వెలిగి నలభై ఏళ్ళకు తక్కువ కాలేదు.

అయితే బడి ఉన్నంత మాత్రాన పంతులు తయారవుతాడా? ఆ రోజుల్లో పంతులుకు వేరే శిక్షణ లేదు. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమానికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్ల సంఘ గురువు, మన వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూచి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో ఆ సంగతి పుస్తకంగా వ్రాయగా ఇంగ్లండులో ఎన్నో బడులు దానిని అనుసరించినవి. మన ఇసుక, మన అక్షరం సముద్రాలు దాటి వెళ్ళినవి. ఆ ఇసుక మీదనే పుట్టిన మన బిడ్డకు మాత్రం అక్షరం దూరంగానే ఉండిపోయినది.

కారణం పేటవారందరికీ తెలిసినదే. తెల్లవారుజామున తండ్రి వేటకు పోతాడు. పడవ ఒడ్డుకు చేరగానే తల్లి చేపల గంప నెత్తికెత్తుకొని అమ్మకానికి బయలుదేరుతుంది. పసివాళ్ళను కనిపెట్టుకొని ఉండేది ఇంటి పెద్దపిల్ల. పన్నెండేళ్ళు వచ్చిన మగపిల్లవాడు వల లాగడానికి పనికివస్తాడు. వాడు బడిలో కూర్చున్న ప్రతి ఏడూ ఇంటికి ఒక మనిషి సంపాదన తగ్గినట్లే. 1933లో ఓడరేవు, 1976లో చేపలరేవు వచ్చిన తరువాత రోజుకూలి మరింత దగ్గరైనది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు చేరినది. పెదజాలరిపేట ఒడ్డు నుండి అక్కడికి నడిచిపోవచ్చు. కాని ఆ కొద్ది దూరం నడవడానికి మన పిల్లలకు ఎన్ని ఏళ్ళు పట్టినదో తలచుకొంటే మనసు బరువెక్కుతుంది.

ఇక పంతులు ఉద్యోగపు మెట్లు చూడండి. 1854 నాటి వుడ్ దొర ఉత్తరువు ఉపాధ్యాయ శిక్షణశాలలు కావాలన్నది. 1856లో మద్రాసులో అటువంటి పాఠశాల ఏర్పడినది. తరువాతి కాలంలో ఎనిమిదవ తరగతి చదివినవారికి హయ్యరు గ్రేడు, ఎస్.ఎస్.ఎల్.సి. చదివినవారికి సెకండరీ గ్రేడు శిక్షణ ఉండేది. ఎనిమిది చదివితే పంతులు కావచ్చునన్నమాట. మన పిల్లలు ఎనిమిదికి చేరే వేళకు గడప పదికి జరిగినది. పదికి చేరేసరికి ఇంటర్మీడియట్‌కు జరిగినది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడినవి; భీమునిపట్నంలోనిది మనకు దగ్గరిది. 2009 విద్యాహక్కు చట్టం తరువాత, 2011 నుండి మన రాష్ట్రంలో టెట్ పరీక్ష వచ్చినది. ఆపైన డి.ఎస్.సి. 2018 డి.ఎస్.సి. తరువాత నియామకాల దాకా వచ్చినది 2025 నాటిదే. అందులో పోస్టులు 16,347. నడుమ ఏడేళ్ళు శిక్షణ పొందినవారు ఎదురుచూస్తూ కూర్చున్నారు.

మేము ఈ నియమాలను తప్పుపట్టడం లేదు. పేదవాని బిడ్డకు కూడా చక్కగా శిక్షణ పొందిన పంతులే కావాలి. 1970లో అనంతరామన్ సంఘం సిఫారసులపై జాలరులకు వెనుకబడిన తరగతుల ఏ విభాగంలో చోటు, ఆ విభాగానికి ఏడు శాతం దొరికినవి. 1958లో స్థాపించబడిన పునీత జోజప్పగారి మహిళా కళాశాల ఆడపిల్లలకు పై చదువు దగ్గర చేసినది. తలుపులు తెరుచుకొన్నవి. కాని తలుపు దాకా నడిచి రావలసిన బిడ్డ దారిలో ఎక్కడ ఆగిపోతున్నదో మనమే చూచుకోవాలి.

ఒక్క సంగతి గమనించండి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, మరపడవల వేట నిషేధం. సముద్రంలో చేప గుడ్లు పెట్టి వృద్ధి కావాలని పెట్టిన మంచి నియమమే. కాని సరిగ్గా ఆ దినాలు ముగిసేసరికి బడులు, కళాశాలలు తెరుస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడే ఫీజు, పుస్తకాలు, దుస్తులు, పరీక్షల దరఖాస్తులు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. చదువులు ఎక్కువగా ఆగిపోయేది తెలివి చాలక కాదు, ఆ జూన్ నెల గడవక.

కనుక విచారణ విశ్వాసులారా, మా మనవి ఒక్కటే. తపస్సుకాలంలో మనం చేసే త్యాగాలలో కొంత జూన్ నెలకు దాచి ఉంచుదాము. రాత్రిపూట చదువుకొనే పిల్లలకు దేవాలయపు గదిలో ఒక దీపం, ఒక బల్ల ఇద్దాము. డి.ఎస్.సి. కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న యువతీయువకులను ఖాళీగా ఉన్నారని చిన్నబుచ్చక, వారి చేతనే సాయంకాలం చిన్నపిల్లలకు పాఠాలు చెప్పించి, తోచినంత గౌరవవేతనం ఇద్దాము. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం మన వీధిబడులు లోకానికి నేర్పిన పద్ధతే కదా.

పేట నుండి ఒక్క పంతులు, ఒక్క పంతులమ్మ బయటికి వస్తే వారి వెనుక పదిమంది నడుస్తారు. గంప మోసిన తల్లి తన బిడ్డ హాజరుపట్టీ తెరచి పేర్లు పిలవడం కళ్ళారా చూడాలి. అంతవరకు ఆ కుటుంబంతో కలిసి నడవడం మన సంఘపు బాధ్యత. అందుకు కావలసిన ఓర్పును, ఉదారతను ప్రభువు మనకు దయచేయునుగాక.