గాలికొండ చుట్టాలు

అనంతగిరి ఘాట్‌రోడ్డు కోసం కొండను చెక్కిన చోట తుప్పురంగు రాయి కనిపిస్తుంది. లోపల ఎర్రటి గార్నెట్ గింజలు. పేరు ఖోండలైట్. 1902లో భూవిజ్ఞాని టి.ఎల్. వాకర్ దానికి ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు పెట్టాడు. దీని తోబుట్టువులు అంటార్కిటికాలో ఉన్నాయని చదివాక నా మనసు అరకులో నిలవలేదు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట రెండూ ఒకే కొండల వరస. 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. మన ముక్క వానలకు నాని నాని గాలికొండ నెత్తిన బాక్సైటైంది. వాళ్ల ముక్కను 3.4 కోట్ల ఏళ్లుగా మంచు కప్పేసింది.

ఆమాటకొస్తే మంచు మనకూ కొత్త కాదు. 1856లో భూవిజ్ఞానులైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఒడిశాలోని తాల్చేరు దగ్గర మెత్తటి ఒండ్రులో పెద్దపెద్ద బండలు ఇరుక్కుని ఉండటం చూశారు. ఏ ఏరూ ఆ రెండింటినీ కలిపి ఒకేచోట దించదు. మంచే మోసుకొచ్చిందన్నారు. ఎండలు మండే దేశంలో మంచా? తర్వాత పెన్‌గంగ దగ్గర, ఇరాయి ఊరివద్ద, సాక్ష్యం దొరికింది. సున్నపురాతి నేలమీద వరసగా గీతలు! 30 కోట్ల ఏళ్లనాటి మంచు కదులుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్లతో గీసినవి. అన్నదమ్ముల్లో చిన్నవాడు హెన్రీ భారత వాతావరణ శాఖకు తొలి అధిపతయ్యాడు. హిమాలయాల్లో మంచు ఎక్కువైతే మనకు వానలు తగ్గుతాయని 1884లో చెప్పిందీ అతనే. మంచు అతణ్ని వదల్లేదు.

ఆ పాత మంచు తప్పుకున్న నేలలో చిత్తడి అడవులు లేచాయి. అవే సింగరేణి బొగ్గు. ఆ బొగ్గు పొగే ఇప్పుడు అంటార్కిటికా మంచుకు సెగ తగిలిస్తోంది.

తాజా మంచు తనమీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. ఒకసారి కరిగి గడ్డకడితే పలుకులు ముతకబారి, ఎండను మింగడం మొదలెడుతుంది. మింగినకొద్దీ కరుగుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి, తన బరువుతో వాటిని చీలుస్తుంది. 2002లో 3,250 చదరపు కిలోమీటర్ల లార్సెన్-బి మంచుపలక నెలరోజుల్లో ముక్కలైంది ఇలాగే. కొన్నిచోట్ల సముద్రపు వేడినీరు కిందనుంచీ కొరుకుతుంది. తేలే పలక పోయినంత మాత్రాన సముద్రమట్టం పెద్దగా పెరగదు. కానీ దాని వెనక నేలమీదున్న హిమానీనదానికి అడ్డు తొలగిపోతుంది.

అంటార్కిటికాలో 2012లో మన దేశం భారతి పరిశోధన కేంద్రం తెరిచిన లార్స్‌మన్ కొండలకు దగ్గర్లోనే ఏమరీ పలక ఉంది. 2019 సెప్టెంబరులో దాన్నుంచి 1,636 చదరపు కిలోమీటర్ల ముక్క ఊడిపోయింది. దాన్ని మాత్రం భూతాపం ఖాతాలో వేయకూడదు. పలకలు అంచులు విరుచుకోవడం మామూలే. విరిగిందాన్ని హిమపాతం పూడ్చలేకపోతేనే చిక్కు.

పాత మంచు లక్షల ఏళ్లు తీసుకుని తప్పుకుంది, అడవికి చోటిచ్చింది. ఆ అడవిని మనం నూటముప్పై ఏళ్లుగా తవ్వి తగలేస్తూ, మన చుట్టాలమీది మంచును తొందరపెడుతున్నాం.