పెల్లాగ్రా: చర్మం, పేగు, మనసు

ఆహారంలో నియాసిన్ అనే బి-3 విటమిన్, దాన్ని శరీరం తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ చాలకపోవడం వల్ల వచ్చే జబ్బు పెల్లాగ్రా. తిండికీ పేగుకూ మనసుకూ ఉన్న ముడిని ఇంత తేటగా చూపే జబ్బులు అరుదు. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర పట్టదు, చిరాకు, దిగులు కమ్ముకుంటాయి. ముదిరితే మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ 1735లో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో దీన్ని గుర్తించాడు. 'గరుకు చర్మం' అనే అర్థమిచ్చే పేరు మాత్రం ఇటలీలో పుట్టింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది విజృంభిస్తే చాలామంది అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం పంపిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనాథాశ్రమాల్లో, మానసిక చికిత్సాలయాల్లో ఒక సంగతి పట్టుకున్నాడు. జబ్బు లోపల ఉన్నవాళ్ళకే వస్తోంది, రాత్రింబవళ్ళు వాళ్ళను కనిపెట్టుకునే సిబ్బందికి రావడం లేదు. తేడా కంచంలోనే ఉందని ఆయన గ్రహించాడు. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించగానే జబ్బు తగ్గుముఖం పట్టింది. 1915లో మిసిసిపీ జైలు పొలంలో 11 మంది ఖైదీలకు మొక్కజొన్న పిండి వంటి నాసి తిండే పెడితే ఆరుగురు జబ్బుపడ్డారు. క్షమాభిక్ష ఆశ చూపి జబ్బు తెప్పించడాన్ని నేటి వైద్యనీతి ఒప్పుకోదు. ఆ ప్రయోగం తర్వాత కూడా నమ్మనివాళ్ళ కోసం మరుసటి ఏడాది ఆయన రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు, జబ్బు రాలేదు. లోపించినది నియాసినేనని 1937లో కాన్రాడ్ ఎల్వేయెమ్ పరిశోధనతో తేలింది.

కణాలు శక్తిని పుట్టించుకోవడానికి నియాసిన్ కావాలి. కొద్ది రోజులకోసారి కొత్తదయ్యే పేగు లోపలి పొరకూ, ఎడతెగక శక్తిని ఖర్చుచేసే మెదడుకూ దెబ్బ తగలడం అందుకే. పేగులోనూ మెదడులోనూ పనిచేసే సెరటోనిన్ కూడా ట్రిప్టోఫాన్ నుంచే తయారవుతుంది.

దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికిన నిరుపేదల్లోనూ ఈ జబ్బు కనిపించింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువ కాదు. మరి జబ్బెందుకు? జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ నియాసిన్ తయారీకి అడ్డుపడుతోందని హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. దీన్ని అందరూ అంగీకరించలేదు. జొన్నరొట్టెను తప్పుపట్టడానికి ఇది కారణం కాదు; పక్కన పప్పు, పాలు, గుడ్డు లేకపోవడమే అసలు కొరత.

నేడు పెల్లాగ్రా అరుదే. కానీ తిండి మానేసి తాగుడుకు బానిసైనవాళ్ళకూ, క్షయకు ఐసోనియజిడ్ వాడుతూ సరైన తిండి లేనివాళ్ళకూ రావచ్చు. అలాంటివారిలో చర్మం నల్లబడటం, విరేచనాలు, మనసు చెదరడం కలిసి కనిపిస్తే పిచ్చి అని ముద్ర వేయకండి, వెంటనే వైద్యుడికి చూపించండి. నియాసిన్‌తో ఇది నయమయ్యే జబ్బు.